తాబేళ్లకు కంచె, నాకు ఫ్లాటు

ప్రతి ప్రాణినీ జీవితంలో ఒక్కసారైనా ఉన్నచోటి నుంచి పెకలించి మరోచోట పడెయ్యాలి! ఇది నా నిశ్చితాభిప్రాయం. మొక్కను కుండీ మారిస్తే ఏపుగా పెరుగుతుందని అందరూ ఒప్పుకుంటారు. అదే మనల్ని మారుస్తామంటే ఏడుపులూ పెడబొబ్బలూనా?

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. మా వదిన తాబేళ్ల ఆఫీసరు. మా వీధి చివరున్న తుప్పల బీడు మీదుగా బైపాస్ రోడ్డు వస్తోందని తెలియగానే, అందులోని అడవి తాబేళ్లను పట్టి గుట్ట అవతలికి తరలించే పని ఆమెకు అప్పగించారు. ఒక్కోదాని డిప్పకు ఓ బుల్లి ట్రాన్స్‌మిటర్ అంటించి, ఎక్కడికి పోయినా తెలిసే ఏర్పాటు చేసింది. ఆ కొత్త చోట లేత గడ్డి ఉంది. ముందే తవ్విపెట్టిన బొరియలున్నాయి. మీ కోసం ఎవరైనా ఎప్పుడైనా బొరియ తవ్విపెట్టారా, చెప్పండి?

మరి ఆ తాబేళ్లు ఏం చేశాయనుకున్నారు? కృతజ్ఞతతో కళ్లనీళ్లు పెట్టుకున్నాయా? అబ్బే! దించీ దించగానే పాత బీడు వైపు మొహం తిప్పి నడక మొదలుపెట్టాయి. మ్యాపు లేదు, ఫోను లేదు, దారి అడగడానికి నోరు లేదు. అయినా అన్నీ ఒకే దిక్కుకు! లేత గడ్డిని తొక్కుకుంటూ పోయాయే తప్ప ఒక్క పరక కొరకలేదు.

అందుకని వదిన కంచె కట్టించింది. ఓ ఏడాది లోపలే ఉంచితే, ఇదే మా ఇల్లని నమ్ముతాయట. చాలామటుకు నమ్మాయి కూడా. అక్కడ ముందునుంచీ ఉంటున్న ఆడ తాబేళ్లు మాత్రం వీటిలోని మగవాళ్ల వంక కన్నెత్తి చూడలేదు. సంసార జంజాటం తప్పిందని సంతోషించాల్సింది పోయి, ఆ వెర్రిబాగులవాళ్లు అలిగి బొరియల్లో దూరారు.

ఒక్కడు మాత్రం దారికి రాలేదు. సిబ్బంది అతనికి పెద్దాయన అని పేరు పెట్టారు. పొద్దస్తమానం కంచెకు తల ఆనించి నిలబడేవాడు.

"సరిగ్గా తినడం లేదు మరిదీ," అంది వదిన ఓ రోజు మా ఇంటికొచ్చి. "కంచె ఎప్పటికైనా తియ్యాల్సిందే కదా. తీస్తే ఈయన నేరుగా రోడ్డు మీదికి పోతాడు. లారీ కింద పడితే నేను తట్టుకోలేను."

"పొగరు వదినా! క్రమశిక్షణ లేకపోతే అంతే," అన్నాను నేను. అంతటితో ఊరుకోకుండా ఆ వారమే ఇదే పత్రికలో, తాబేళ్లకు ప్రగతి అంటే గిట్టదని ఘాటుగా రాశాను. మెచ్చుకుంటూ రోడ్డు ఇంజనీరు ఫోన్ చేశాడు కూడా.

ఆ తర్వాత అదే ఇంజనీరు రోడ్డుకు ఓ చిన్న వంపు పెట్టాడు. ఆ వంపులో మా వీధి పోయింది.

మాది అద్దె ఇల్లే. నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఊరి అవతల అపార్ట్‌మెంట్లో, మేఘాలకు కాస్త కింద, మకాం పెట్టాం. ఎన్ని సుఖాలనుకున్నారు! లిఫ్టు మధ్యలో ఆగుతుంది. ఉచిత ధ్యానం! స్విచ్చు పాత ఇంట్లో ఉన్నచోటే ఉందనుకుని రోజూ గోడను చాచి కొడతాను. ఉచిత వ్యాయామం! బాత్రూమ్ అనుకుని బట్టల బీరువాలోకి నడిచాను. మా ఆవిడ తలుపు తీసి, "ఇంకా ఎంతసేపు?" అంది.

పాత వీధిలో మంగలి నా గడ్డం గీస్తూ, "ఈ వారం మీ వ్యాసం మరీ చప్పగా ఉంది సార్," అనేవాడు. కత్తి గొంతు మీదుండగా ఎదురు చెప్పే అవకాశం ఉండేది కాదు. కొత్త మంగలి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకుంటాడు. ఎంత ప్రశాంతత! నేనెవరో, ఏం రాస్తానో అతనికి తెలియదు. ఎదురు ఫ్లాటువాళ్లకూ తెలియదు. ఆ మాటకొస్తే ఈమధ్య నాకే సరిగ్గా గుర్తుండటం లేదు.

నిన్న పొద్దున మా ఆవిడ పాలు తెమ్మంది. షాపు మా గేటు పక్కనే. నా కాళ్లు ఎందుకో గేటు దగ్గర ఆగలేదు. ఆగలేదంటే, ఈమధ్య అవి తరచూ ఆగడం లేదు. బస్సెక్కాయి, దిగాయి, బైపాస్ అంచుకొచ్చి నిలబడ్డాయి. రోడ్డు మధ్యలో తెల్లచార ఉన్నచోట మా వంటిల్లుండేది.

అక్కడ ఎవరో నా చెప్పును తోశారు. చూద్దును కదా, డిప్ప మీద ట్రాన్స్‌మిటరుతో పెద్దాయన! లారీలు రివ్వున పోతున్నాయి, ఆయనేమో నిదానంగా రోడ్డెక్కబోతున్నాడు. పట్టుకుని వెనక్కి తిప్పాను. మళ్లీ తిరిగాడు. తిప్పాను. తిరిగాడు. చివరికి నేనే ఆయనకు అడ్డంగా, రోడ్డు పక్క మట్టిలో చతికిలబడ్డాను. ఆయన తన తల నా తొడకు ఆనించి తోస్తూనే ఉన్నాడు.

కాసేపటికి యాంటెన్నా పట్టుకుని, జుట్టు రేగిపోయి, వదిన జీపు దిగి పరుగున వచ్చింది. కంచె ముందురోజే తీశారట. ఆయన బతికే ఉన్నాడని చూసి ఒక్కసారిగా ఏడ్చేసింది. తర్వాత నన్ను చూసింది.

"నువ్వేంటి ఇక్కడ?"

"పాలకొచ్చాను వదినా."

వదిన మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని పెద్దాయన డిప్ప మీద దుమ్ము కొంగుతో తుడిచింది. మా వీధి ఖాళీ చేయించిన రోజున, సామాన్లు ఎక్కించిన డ్రైవరు, "ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. అంతకు మించి మాతో ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

"ఇక్కడ నీ ఇల్లు లేదు నాయనా," అంది వదిన మెల్లగా. "తీసేశారు. నిన్ను అడగలేదు, తప్పే. కానీ ఎంతసేపు చూసినా అది రాదు. లే, పోదాం పద."

ఆమె ఆ మాట అన్నది తాబేలుతోనే. ముందుగా లేచి జీపెక్కింది మాత్రం నేను.