చెత్తబండిలో పురుగులు

ఆ మంగళవారం ఉదయం జువో మాస్టారు మూడే పనులు పెట్టుకున్నారు: ఆమాన్ కొట్లో ఉల్లికాడల రొట్టె తినడం, వాన వెలిశాక గొడుగు బాగుచేయించుకోవడం, ఇంటికొచ్చి చెత్తబండి ప్రోగ్రాములో ఒక వరుస సరిదిద్దడం. యీలాన్ జిల్లాలో వాన వెలియడం అరుదైన ప్రకృతి ఘటన కనుక, రెండో పనికి తేదీ వేసుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పిన మనిషి. కొలిచి చూడనిదే దేన్నీ నమ్మే అలవాటు లేదు.

ఆ ఊళ్లో చెత్తసంచి నేలకు ఆనకూడదు. పాట మోగిస్తూ బండి వచ్చినప్పుడు ఎవరి సంచి వారు చేతులారా అందివ్వాలి. బండి జాడ తెలియక జనం సంచులతో వానలో నిలబడటం చూడలేక, అదెక్కడుందో ఫోనులో చూపే ప్రోగ్రామును మాస్టారు మూడేళ్లు కూర్చుని రాశారు. రాసి దాచుకోలేదు, మూలపాఠమంతా లోకానికి తెరిచిపెట్టారు. ఆయన ముఖమైనా చూడని పదకొండు మంది ఎక్కడెక్కడి నుంచో దాన్ని చదివి, తప్పులు పట్టి, బాగుచేశారు. దాన్ని పట్టణ కార్యాలయం సొంతం చేసుకోవాలా, లేక బండికి అమర్చిన పరికరం విప్పేసి మూడేళ్ల పనికి మంగళం పాడాలా అన్నది శుక్రవారం సభలో తేలాలి.

అలా తెరిచిపెట్టడాన్ని అక్కడి వారు ‘కైయువాన్’ అంటారు. ఊట తెరవడమని అర్థం. చిక్కేమిటంటే, ప్రతి ప్రభుత్వ కార్యాలయం గోడ మీదా అంతకంటే పాత నినాదం ఒకటి వేలాడుతూ ఉంటుంది: ‘ఊట తెరువు, పారుదల అరికట్టు.’ అక్కడా మాట కైయువానే, కానీ ఆ ఊట ఆదాయానిది, పారుదల ఖర్చుది. ముందురోజు ఫోను చేసిన విలేకరి తియెన్‌తో, చెత్తబండి విషయంలో మన ఊరు కైయువాన్ చేయబోతోందని మాస్టారు గర్వంగా చెప్పారు. ఆ అమ్మాయికి గోడమీది నినాదం కంఠస్థం. ప్రోగ్రాముల సంగతి తెలియదు.

కనుక ఆ ఉదయం ఆమాన్ కొట్లో బల్ల మీది పత్రిక ఇలా పలికింది: ‘చెత్త మీద కొత్త ఆదాయం: విశ్రాంత ఉపాధ్యాయుడి పథకం.’

మాస్టారు ముందుకు రొట్టె వచ్చింది. అందులో గుడ్డు లేదు.

“గుడ్డు మర్చిపోయావా ఆమాన్?”

“మర్చిపోలేదు మాస్టారూ. పొదుపు. రేపటి నుంచి సంచికింతని మీకు సమర్పించుకోవాలి కదా.”

ఆయన వివరించారు. కొట్లో ఉన్నవారంతా తినడం ఆపి మరీ విన్నారు. వివరణ పొడవు పెరిగేకొద్దీ వినేవారి నమ్మకం తరుగుతుందన్న సూత్రం ఆయనకు అక్కడే స్ఫురించింది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

ఇంటికి పోయి విలేకరికి ఫోను చేశారు. తియెన్ చెడ్డపిల్ల కాదు. సవరణ వేస్తానంది, జాగా తక్కువ, ఒక్క ముక్కలో చెప్పమంది.

“ఇందులో వసూలేం లేదమ్మా. లోపల ఉన్నదంతా ఎవరైనా చూడొచ్చు, కావాలంటే పట్టుకుపోవచ్చు, మార్చుకుని వాడుకోవచ్చు.”

బుధవారం పత్రికలో ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా వచ్చాయి. ‘ప్రోగ్రాము’ అన్న పదం మాత్రం జాగా చాలక జారిపోయింది. ‘చెత్తబండిలోది ఎవరైనా చూడవచ్చు, పట్టుకుపోవచ్చు.’

ఆ సాయంత్రం అట్టపెట్టెలు ఏరుకునే ముసలమ్మలు తోపుడుబళ్లతో చెత్తబండి వెనుక రెండు సందుల పొడవున బారులు తీరారు. ఒకావిడ పోయినవారం తానే పారేసిన ఫ్యాను తిరిగి ఇమ్మంది. చెత్త బయటపడుతుందన్న భయంతో పరువుగల కుటుంబాలు సంచికి మూడు సంచులు తొడిగాయి. తాగుడు మానేశానని భార్యకు మాటిచ్చిన గడియారాల కొట్టాయన తన సీసాలను బస్సెక్కించి పక్క ఊరికి తీసుకుపోయాడు. బండి చివరి వీధికి గంటన్నర ఆలస్యంగా చేరింది. ఆ ఆలస్యాన్ని ప్రోగ్రాము నిమిషం తేడా లేకుండా చూపించింది. దాన్ని మెచ్చుకున్నవారు లేరు.

పట్టణాధ్యక్షుడు ఫాంగ్ స్వయంగా ఫోను చేశాడు. అది ఎన్నికల ఏడాది.

“మాస్టారూ, నాకు మీమీద గౌరవముంది. జనానికి నామీద ఉన్నది పోయేలా ఉంది. శుక్రవారం పరికరం విప్పించే కాగితం చదివేస్తాను, ఏమనుకోకండి.”

ఆ పూటే మాస్టారు తియెన్‌తో మూడోసారి మాట్లాడారు. ప్రోగ్రాము నమ్మదగినదని రుజువేమిటని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. మంచి ప్రశ్న వినగానే ఒళ్లు మరిచిపోవడం ఆయన బలహీనత.

“ఇప్పటిదాకా రెండు వందల పద్నాలుగు పురుగులు పట్టాం. ఇంకా ఉంటాయి. పడుతూనే ఉన్నాం. దాపరికం లేకపోవడమే రుజువు.”

ప్రోగ్రాములు రాసేవారి పరిభాషలో దోషాన్ని పురుగంటారు. ఊరి పరిభాషలో పురుగును పురుగే అంటారు. గురువారం పత్రిక వచ్చిన గంటకల్లా ఆరోగ్యశాఖ వారు ముసుగులు కట్టుకుని దిగి చెత్తబండికి పొగ పట్టారు. ముందుజాగ్రత్తగా మాస్టారి సందుకూ, దారిలో ఉందని ఆమాన్ కొట్టుకూ పట్టారు. తనిఖీ అధికారి పత్రం పట్టుకుని మాస్టారి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏ జాతివండీ?”

“తర్కదోషాలు.”

అధికారి రాసుకున్నాడు. “రెక్కలుంటాయా?”

ఆ వెనకే ఆమాన్ వచ్చింది. పిండికంతా పొగవాసన పట్టిందనీ, పుట్టి బుద్ధెరిగాక కొట్టు మూయడం ఇదే మొదలనీ చెప్పి, కోపగించుకోకుండానే వెళ్లిపోయింది. అది ఆయనను ఎక్కువ బాధించింది.

మధ్యాహ్నమంతా మాస్టారు ఆలోచించారు. మూడుసార్లూ తాను చెప్పింది నిజమే. మూడుసార్లూ అచ్చయింది అబద్ధమే. అమ్మాయిని తప్పుపట్టడం తేలిక. కానీ ఒకడు చెప్పి, ఒకతె రాసి, ఇంకెవరూ చూడకముందే ఊరంతటికీ పంచేసే పద్ధతిలో ప్రోగ్రామైతే తాను ఒక్క పూట కూడా నడపనిచ్చేవారు కాదు. ఆయన లేచి, మూడు పత్రికలూ చంకన పెట్టుకుని జిరాక్సు కొట్టుకు బయలుదేరారు.

శుక్రవారం ఉదయం సభామందిరం కిటకిటలాడింది. ఫాంగ్ చేతిలో కాగితం సిద్ధంగా ఉంది. మాస్టారు వేదికెక్కలేదు. తలుపంత పెద్దవి చేయించిన మూడు వార్తలనూ గోడకు అంటించి, కింద బల్ల మీద ఎర్ర పెన్నుల డబ్బా పెట్టారు.

“నేను ఉపన్యాసం ఇవ్వను. వీటిలో తప్పులున్నాయి. తెలిసినవాళ్లు వచ్చి దిద్దండి, పక్కన కారణం రాయండి. ఆ దిద్దింది తప్పయితే ఇంకొకళ్లు దిద్దుతారు.”

ఎవరూ కదల్లేదు. బడి వదిలినా మాస్టారు పరీక్షలు వదల్లేదని వెనుక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోంచే ఆమాన్ లేచి వచ్చింది. తన కొట్టు ముందుకు బండి ఆరింటికి వస్తుందని పత్రిక రాసింది. ఆరూ ఇరవై అని దిద్ది, ‘రోజూ చూస్తాను’ అని కారణం రాసింది. తర్వాత బండి డ్రైవరు వచ్చి, 214 కొట్టేసి, ‘ఏడేళ్లలో రెండు బొద్దింకలు, రెండూ చంపాను’ అని రాశాడు. ఫ్యాను ముసలమ్మ ‘ఏమీ ఇవ్వరు’ అని రాయించింది. తనిఖీ అధికారి కాసేపు తటపటాయించి ‘రెక్కలు లేవు’ అని చేర్చాడు. పట్టణ కార్యాలయం గుమాస్తా ఒకడు ‘ఆదాయం’ మీద అడ్డగీత గీసి, ఇది గోడమీది కైయువాన్ కాదు, రుసుము లేదు అని ముక్తసరిగా రాశాడు. అతని అక్షరదోషాన్ని ఇంకొకరు దిద్దారు. చూస్తూండగానే గోడ ముందు వరుస కట్టవలసి వచ్చింది.

“గోడమీదిది కాకపోతే మరి ఏ కైయువాన్?” అని ఫాంగ్ అడిగాడు.

మాస్టారు నోరు తెరవబోయి, ఈ వారంలో మొదటిసారి మూసుకున్నారు. ఆమాన్ గోడ వంక చూసింది, చేతిలో పెన్ను వంక చూసింది.

“ఇదే కాబోలు. అందరి ముందూ పెట్టి, అందరి చేతా దిద్దించుకోవడం.”

చివరి వరుసలోంచి తియెన్ లేచింది. జనం దారిచ్చారు. తన మూడు శీర్షికలనూ తానే కొట్టేసి, పైన సరైనవి రాసి, కింద సంతకం చేయబోయింది.

“పేరు ఎర్రతో రాయకమ్మా, అశుభం,” అంది ఆమాన్.

మాస్టారు జేబులోంచి నీలం పెన్ను తీసి అందించారు. “దీనికి రుజువు లేదు. అయినా తీసుకో.”

అప్పుడు మోగిన చప్పట్లకు ఫాంగ్ చేతిలో కాగితం దానంతటదే నాలుగు మడతలైంది. ప్రోగ్రామును ఊరు సొంతం చేసుకోవాలన్న తీర్మానానికి నూట ఎనభై ఏడు చేతులు లేచాయి. వ్యతిరేకంగా ఒక్కటి, గడియారాల కొట్టాయనది. సభ ముగియకముందే మూడో వరుసలో ఒక ముసలమ్మ నిలబడి, ఆ ఫోనులోదీ ఇలాగే దిద్దుతారా అని అడిగింది. ఏడో సందులో బండి కాలవకు ఇవతల ఆగుతుందట, ఫోను అవతల చూపిస్తోందట. మాస్టారు ముఖం దీపంలా వెలిగింది. రెండు వందల పదిహేనవదాన్ని పట్టిన గౌరవం డెబ్భై తొమ్మిదేళ్ల ఆమెకు దక్కిందని మైకులో ప్రకటించారు. జనం ఆమెను వేదికెక్కించి ఫోటో తీసుకున్నారు.

శనివారం తియెన్ అరపేజీ వార్త రాసింది. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా అన్నీ నిజాలే. ఆ రోజు పత్రిక ఊళ్లో ఎనిమిదింటికల్లా అయిపోయింది. కొట్లలో ఎర్ర పెన్నులు ఏడున్నరకే అయిపోయాయి.