నంబరు లేని రెండు బేరింగులు

దేశం బాగుపడాలంటే ఏ షాపులోనూ ఏ స్పేర్ పార్టూ దొరక్కూడదు! ముఖ్యంగా గ్రైండర్ బేరింగులు అస్సలు దొరక్కూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం. ముప్పై రెండేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరికే నోటికొచ్చింది వాగను.

నమ్మరా? అయితే వినండి.

మా ప్రత్తిపాడులో ఇమాం హుస్సేన్‌ది వెల్డింగ్ షాపు. వాళ్ళ నాన్న హయాంలో కొన్న గ్రైండర్ ఒకటుంది అందులో. మధ్యన మోటారు, అటొకటి ఇటొకటి సానరాళ్ళు. చుట్టుపక్కల కొడవళ్ళకీ పారలకీ గొడ్డళ్ళకీ అక్కడే పదును. సరిగ్గా మిరప తోటల్లో కలుపు ముమ్మరంగా తీసే రోజుల్లో అది గరగరమని గోల పెట్టి, రాయి ఊగడం మొదలుపెట్టింది.

"బేరింగులు పోయాయి మాస్టారూ. ఇట్టాగే తిప్పితే రాయి పగిలి మొహాన కొట్టిద్ది," అంటూ ఇమాం హుస్సేన్ మెషిన్ విప్పి, రెండు బేరింగులూ బయటికి తీశాడు. ఆయన షాపు వదిలి కదలలేడు. గుంటూరు నుంచి నేను తెచ్చిపెడతానన్నాను. చదువుకున్నవాడు ఊరికి ఆ మాత్రం ఉపయోగపడకపోతే ఎలా?

వాటిని ఆయన ఉన్నపళంగా ఇవ్వలేదు. కిరసనాయిల్లో కడిగి, ఎమెరీ కాగితంతో రుద్ది రుద్ది, కొత్త వెండి పట్టీల్లా తళతళలాడించి నా చేతిలో పెట్టాడు. పట్నం వెళ్ళే వస్తువును మసితో పంపడం మా ఊరి మర్యాద కాదు కదా! ఆ రుద్దుడులో బేరింగుల మీద చెక్కి ఉన్న నంబర్లు కూడా శుభ్రంగా పోయాయి. రెండింటివీ! మెషిన్‌కున్న రేకు మీద అక్షరాలైతే ఎప్పుడో చెరిగిపోయాయి. ఈ సంగతి గుంటూరులో మొదటి షాపు మెట్లెక్కేదాకా మా ఇద్దరికీ తెలియదు.

అక్కణ్ణించి చూసుకోండి, వరాలే వరాలు!

ముందు దేశాటనం. రిటైరయ్యాక నన్ను గుమ్మం దాటించినవాడు లేడు. ఈ బేరింగుల పుణ్యమా అని గుంటూరులో ఎనిమిది షాపులు, మంగళగిరిలో రెండు, తాడేపల్లిలో ఒకటి దర్శించాను. మంగళగిరి వెళ్ళినవాళ్ళు చీరలు కొంటారు, కొండెక్కి దణ్ణం పెట్టుకుంటారు. నేను రెండు ఇనుప చక్రాలు చూపించి, "లేవండీ" అనిపించుకుని బస్సెక్కాను. ఇంత నిష్కామమైన యాత్ర మీలో ఎవరైనా చేశారా?

ఆ తర్వాత జ్ఞానం. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న. "నంబరెంతండీ?"

"నంబరు పోయిందయ్యా, శాంపిల్ ఇదిగో!"

"నంబరు కొడితేనే కంప్యూటర్ చూపిద్దండీ."

ఆ మాటన్న మనిషి వీపు వెనకాల నేల నుంచి కప్పు దాకా బేరింగులే! అందులో నాది ఉందో లేదో ఆయనకు తెలియదు. కంప్యూటర్‌కి తెలుసు, అది నాతో మాట్లాడదు. మనిషికి ఆధార్ నంబరు, పొలానికి సర్వే నంబరు, గ్యాసుకి కన్స్యూమర్ నంబరు. నంబరు లేనిది ఈ లోకంలో ఉన్నా లేనట్టే! ఇంత వేదాంతం ఏ ప్రవచనంలో దొరుకుతుంది?

ఒకాయన మరీ దయామయుడు. "పాతదాన్ని పట్టుకుని ఎందుకండీ వేలాడతారు? ఆ మోడల్ ఆపేశారు. కొత్త మెషిన్ తీసుకెళ్ళండి," అన్నాడు. నిజమే! పన్ను నొప్పెడితే తలకాయే మార్చేసుకోవడం ఎంత సుఖం!

ఇంట్లో మా ఆవిడ పోరు పడలేక ఆన్‌లైన్‌లో కూడా ఆర్డర్ పెట్టాను. ఫోటోలో బ్రహ్మాండంగా ఉంది. నాలుగో రోజున పెట్టెలో పెట్టె, అందులో బుడగల కవరు, అందులో నా చిటికెన వేలికి కూడా ఎక్కని బేరింగు! స్కేటింగ్ బూట్లదట. మా నల్లరేగడి చేలల్లో వానాకాలం ఎలాగూ జారుతూనే నడుస్తాం, దానికి బూట్లెందుకు?

అన్నిటికన్నా గొప్ప వరం, ఓర్పు. పదకొండు రోజులు మా ఊరు ఓర్పు నేర్చుకుంది. కలుపు ముఠా మేస్త్రి ఎలీసమ్మ, ఆమెతో పాటు పాతికమంది ఆడవాళ్ళు, మొద్దుబారిన కొడవళ్ళతోనే సాళ్ళ వెంట వంగారు. అరచేతులు బొబ్బలెక్కాయి. పదునైన కొడవలి ఉంటే ఈ సహనం అలవడేదా?

ఇమాం హుస్సేన్‌కైతే జీవితమే మారిపోయే అవకాశం వచ్చింది. "ఆదివారం పాత ఇనుము బండి వస్తుంది మాస్టారూ, మెషిన్ ఇచ్చేస్తా. పదును పని పోయాక ఉత్త వెల్డింగ్‌తో షాపు నడవదు. తాడేపల్లిలో అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్ కావాలంటున్నారు," అన్నాడు. కుర్చీ, నీలం చొక్కా, విజిల్, పైగా కృష్ణమ్మ గాలి! ఎంత అదృష్టమయ్యా అన్నాను. అన్నాను గానీ, ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి మెషిన్ మీదే ఉంది.

అది శనివారం. మొద్దు కొడవలి చంకన పెట్టుకుని ఎలీసమ్మ అక్కడే నిలబడి ఉంది.

"నంబరు లేకపోతే కొలుచుకోరా ఏంది మాస్టారూ? జాకెట్టు కుట్టేటాయన ఎప్పుడన్నా నా నంబరు అడిగాడా? టేపు తీసి కొలుచుకుంటాడు!" అంది.

పాఠకులారా, ఇక్కడ ఒక చిన్న విషయం మనవి చేసుకోవాలి. ముప్పై రెండేళ్ళు నేను పిల్లలకు మొట్టమొదట చేయించిన ప్రయోగం వెర్నియర్ కాలిపర్స్. దాని పనే బయటి వ్యాసం, లోపలి వ్యాసం కొలవడం! మా కాలేజీలో గోళం వ్యాసం ముప్పై రెండేళ్ళూ ఒకటే వచ్చింది. పిల్లలు కొలవరు, సీనియర్ల రికార్డు చూసి రాస్తారు. నేనూ కొలవను, టిక్కు పెడతాను.

అప్పటికప్పుడు కాలేజీకి పరిగెత్తాను. నా శిష్యుడే, కరుణాకర్, ఇప్పుడక్కడ లెక్చరర్. "ప్రాక్టికల్ పరీక్షలకే బయటికి తీస్తాం సార్," అని నసుగుతూనే బీరువా తాళం తీశాడు. లోపల పదిహేడు మిల్లీమీటర్లు. బయట నలభై. మందం పన్నెండు. అరనిమిషం పట్టింది!

సాయంత్రానికి గుంటూరులో మళ్ళీ ఆ మొదటి షాపే. మూడు కొలతలూ చెప్పాను. ఆయన కంప్యూటర్ ముట్టుకోకుండానే వెనక్కి తిరిగి, రెండు పెట్టెలు తీసి బల్ల మీద పడేశాడు. "ఓస్, ఇవా! రోజూ అమ్మేవేనండీ. మీ ఊళ్ళో మోటార్ల వైండింగ్ షాపులో కూడా ఉంటాయే! ముందే కొలిచి చెప్పొచ్చుగా?" అని నన్నే కోప్పడ్డాడు.

ఆదివారం పొద్దున పాత ఇనుము బండి వచ్చేసరికి గ్రైండర్ తిరుగుతోంది. గరగర లేదు, ఊగడం లేదు. బండివాడు కాసేపు చూసి వెళ్ళిపోయాడు. మొదటి పదును ఎలీసమ్మ కొడవలికే.

ఇమాం హుస్సేన్ చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "తప్పంతా నాదే మాస్టారూ. తెల్ల ప్యాంటుకి మసి అంటుద్ది, బాగా రుద్ది ఇవ్వవోయ్ అని మీరన్నారే అనుకోండి. మీరు చదువుకున్నోళ్ళు, మీకివన్నీ ఏం తెలుస్తాయి? నాకుండొద్దా బుద్ధి?"

నాది మొదట్నించీ పెద్ద మనసు. "పోనీలేవోయ్, ఇకనైనా జాగ్రత్తగా ఉండు," అని అక్కడికక్కడే క్షమించేశాను.

ఎలీసమ్మ నా ప్యాంటు వంక ఒకసారి, తన అరచేతుల వంక ఒకసారి చూసి, కొడవలి తీసుకుని చేలోకి వెళ్ళిపోయింది. ప్యాంటు మీద మాత్రం ఒక్క మరక లేదండీ, కావాలంటే వచ్చి చూసుకోండి.