ఉప్మారవ్వ కవచం

"ఆ నంబరు వెయ్యకే తల్లీ! అదే నంబరు బండి ఎక్కడో ఉంటాది. అది ఎవరినైనా గుద్దీసిందనుకో, పోలీసులు తిన్నగా మనింటికే వొస్తారు!"

నేనీ మాట అన్నప్పుడు మా బిందుప్రియ చేతిలో ఉన్న బండి జానెడు పొడవుంది. ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసిన యుద్ధ ట్యాంకు. అది గుద్దితే మహా అయితే ఓ బొద్దింక చస్తుంది. అయినా నా భయం నాది. కొలతలు చూసుకుని భయపడతామా ఏమిటి?

"మమ్మీ, ఈ నంబరు బండి యాభై ఏళ్ల కింద యుద్ధంలో తిరిగింది. ఇప్పటికి స్క్రాప్ అయిపోయుంటుంది. టెన్షన్ మత్ లో," అంది బిందు తలెత్తకుండా.

"స్క్రాపయితే ఏ ప్లాంటులోనో కరిగించి రైలు పట్టాలు చేసీసుంటారు. ఒలమ్మో, మరి ఆ పట్టాల మీద రైలెక్కినోళ్లకి..."

"ప్లాంటు సైరను షిఫ్టుకోసారే మోగుతాది. ఈ సైరనుకి షిఫ్టు లేదు," అన్నారు మా ఆయన ఆదిశేషు, పేపరు వెనకనుంచి. ఆయన భిలాయి స్టీలు ప్లాంటులో క్రేను నడుపుతారు. ముప్పై ఏళ్లుగా పైనుంచి కిందికి చూడటం అలవాటైపోయి, ఇంట్లో నన్నూ అలాగే చూస్తారు.

మా బిందు ఊరి పక్కనున్న జాముల్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రాయింగులు గీస్తుంది. పగలంతా మిల్లీమీటర్లు కొలిచింది చాలక ఇంటికొచ్చి మళ్లీ కొలుస్తుంది. అందరి పిల్లలకీ ముగ్గులొచ్చాయి, అల్లికలొచ్చాయి. మా పిల్లకి ట్యాంకులొచ్చాయి.

ఈసారి ట్యాంకు మామూలుది కాదు. మా సూర్యారావు చిన్నాన్న డెబ్బై ఒకటి యుద్ధంలో నడిపిన బండి. ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే ఫోటో, నలుపూ తెలుపూ. అందులో ఏ గుర్తు ఎక్కడుందో, ఏ అంకె ఎంత వంకరగా ఉందో, అంతే వంకరగా బిందు వెయ్యాలట. బండి ముందు భాగానికి అదనపు కవచంగా, చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా ముక్కలు ఏడు బిగించారట. ఏడంటే ఏడే. ఎనిమిదోది ఉంటే అది వేరేవాళ్ల బండి అయిపోతుందట!

ఆ కవచాల కోసం నా వంటిల్లు యుద్ధానికి వెళ్లిపోయింది. నెయ్యి డబ్బా మూత ముక్కలై బండి ముందుకెక్కింది. చాయ్ వడగట్టే ఛన్నీ ఇంజను మీద వల జాలీ అయింది. రెండు వారాలుగా మేము చాయ్ తాగడం లేదు, నములుతున్నాం.

ఆదివారం నెహ్రూ నగర్‌లో ఒక హాల్లో ఇలాంటి బొమ్మల ప్రదర్శన. దానికి చిన్నాన్న ఉతై ఊరినుంచి వస్తున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో గుమ్మం దాటి రెండేళ్లయింది. "నా బండి మళ్లీ కనపడతాదంటే ఎందుకు రానే?" అన్నాడట ఫోనులో. అప్పటినుంచి పిల్లకి తిండి లేదు. తినని పిల్లని చూసి నాకు నిద్ర లేదు. మా ఆయనకి మాత్రం రెండూ ఉన్నాయి.

ఇంతలో గురువారం విశ్వకర్మ పూజ వచ్చింది.

భిలాయిలో ఆ రోజు బొట్టు పెట్టించుకోని యంత్రం ఉండదు. మా ఆయన క్రేనుకి పూజ చెయ్యడానికి ప్లాంటుకి వెళ్లారు. బిందు ఆఫీసులో కంప్యూటర్లకి పూజ. ఇంట్లో నేను ఒక్కదాన్నే స్కూటరు, కుట్టు మిషను, మిక్సీ, గీజరు వరసగా కానిచ్చాను. కుక్కరు యంత్రమా కాదా అని సందేహం వచ్చింది. కూత వేస్తుంది కదా అని దానికీ పెట్టాను.

అప్పుడు అలమారు మీద ట్యాంకు కనపడింది.

వదిలేద్దామనుకున్నాను. కానీ మిక్సీ అలిగితే పచ్చడి ఆగుతుంది, అంతే. యుద్ధం చేసే బండి అలిగితే? అందుకే ఇంత పసుపు కలిపి రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, దూరంనుంచే హారతిచ్చాను. భక్తి ఎక్కువై పసుపులో నీళ్లు ఎక్కువయ్యాయి. అది కారి కారి పైనున్న ఫిరంగి గది పక్కకి, సరిగ్గా నంబరు మీదికి పోయింది. తడిగుడ్డతో తుడిచాను.

నంబరు గుడ్డకి వచ్చేసింది.

రంగుతో రాసిందేమో అనుకున్నాను గానీ, నీళ్లలో నానబెట్టి అతికించే ఉల్లిపొర లాంటి బిళ్ల అని నాకేం తెలుసు? నాలుగంకెల్లో మూడు నా చేతిగుడ్డ మీద, ఒక్కటి బండి మీద. వెనక్కి అతికిద్దామని గుడ్డని బండికేసి నొక్కాను. ఆ ఒక్కటీ కూడా వచ్చేసింది.

మా ఆయన మొదటి షిఫ్టు దిగి, కుంకుమ నుదురుతో, చేతిలో బూందీ పొట్లంతో వచ్చేసరికి నేను నేలమీద కూలబడి ఉన్నాను.

"ఏటే కనకం, ఎవరు పోయారు?"

"నంబరు పోయిందండీ!"

విషయం విని ఆయన తాపీగా బూందీ నోట్లో వేసుకున్నారు. "పిల్లకి నిజం చెప్పీ."

"చెప్తే పిల్ల బెంగెట్టుకుంటాది. బెంగెట్టుకుంటే జొరమొస్తాది. నంబరు లేని బండి చూసి చిన్నాన్న గుండె ఆగిపోతాది. అందరూ నన్నే అంటారు."

"నంబరు లేకపోతే గుండె ఆగిపోడానికి ఆయనేటి ట్రాఫిక్ పోలీసా?"

ఈయనతో లాభం లేదని నేనే ఆలోచించాను. సైనికులు అడ్డంగా ఇసక బస్తాలు పేర్చుకోవడం టీవీలో చూశాను. బస్తాలు నంబరుండే చోట వేలాడగడితే, పైకి అదనపు కవచం, లోపల నా తప్పు. ఐదో క్లాసు చదివినదాని బుర్ర! నాకే ముచ్చటేసింది.

మా ఆయన పాత బనీను కత్తిరించి, బొటనవేలి గోరంత బస్తాలు పదకొండు కుట్టాను. ఇసక కోసం వీధిలోకి వెళ్తే ఎదురింటి భాగ్యవతి ఎందుకని అడుగుతుంది. నాకు అబద్ధం అతకదు. డబ్బాలో ఉప్మారవ్వ ఉంది. ఇసకలాగే ఉంటుంది, శుభ్రంగా కూడా ఉంటుంది. అదే నింపాను.

"అది నా బనీను కాదేటే?"

"దేశం కోసం ఇచ్చాననుకోండి."

"దేశం అడగలేదే!"

"అడిగేదాకా ఆగితే యుద్ధం అయిపోతాదండీ."

సాయంత్రం బిందు వచ్చి బండిని చూసింది. బస్తాలు చూసింది. నన్ను చూసింది.

"యే క్యా హై, మమ్మీ?"

"ఎగస్ట్రా కవచమే. తల్లి మనసు కదా, లోపలున్న సైనికులకి దెబ్బ తగల్దా అనిపించింది."

"లోపల ఎవరూ లేరు మమ్మీ."

"లేరని ఊరుకుంటామేటి?"

అరుస్తుందనుకున్నాను. "ఠీక్ హై," అని గదిలోకి వెళ్లిపోయింది. ఆ ఠీక్ హై నాకు నచ్చలేదు. అరిచే పిల్ల అరవకపోతే జొరమైనా అయ్యుండాలి, ప్రేమైనా అయ్యుండాలి. నుదురు పట్టి చూశాను. జొరం లేదు. ఇంకో భయం పట్టుకుంది.

శనివారం పొద్దున్న మూడో భయం వచ్చింది, వరసలో. గోడమీదినుంచి అలమారుకి, అలమారునుంచి ట్యాంకుకి చీమలు బారు తీరి నడుస్తున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో రవ్వ పలుకు నెత్తిన పెట్టుకుని దిగుతోంది. నా బస్తాలు చిక్కిపోతున్నాయి! బిందు పక్కకి వెళ్లినప్పుడల్లా చీమల్ని ఊదుతూ, బస్తాలెత్తి ఆ బోసి చోటు చూసే ధైర్యం లేక పైనుంచే రవ్వ మళ్లీ నింపుతూ కాపలా కాశాను. సరిహద్దులో కూడా అంత కాపలా ఉండదు.

ఆదివారం హాల్లో బల్ల మీద బండి, పక్కనే చిన్నాన్న ఇచ్చిన ఫోటో. చిన్నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్ర పట్టుకుని వచ్చాడు. తిన్నగా బల్ల దగ్గరికి నడిచాడు. భూతద్దం తీసి వంగాడు.

ముందు కవచం ముక్కలు లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు..." ఏడు దగ్గర తలూపాడు. ఇంజను మీది నా ఛన్నీ దగ్గర ఇంకోసారి తలూపాడు. ఆ తర్వాత ఆయన వేలు మెల్లగా బస్తాల వైపు జరిగింది.

"ముట్టుకోకు చిన్నాన్నా!" అని అరిచాను.

హాలంతా ఇటు తిరిగింది. ఇక నా నోరు నా చేతిలో లేదు. "నంబరు నేనే తుడిచీసినాను! పూజ చేసినాను, పసుపు కారిపోయింది, గుడ్డెట్టి తుడిస్తే వొచ్చీసింది. కనపడకుండా బస్తాలు కట్టీసినాను. పిల్ల తప్పేటీ లేదు!" అక్కడ తెలుగు రానివాళ్లు ఉంటారని గుర్తొచ్చి, అదంతా హిందీలో ఇంకోసారి చెప్పాను.

చిన్నాన్న ఒక బస్తా ఎత్తి చూశాడు.

కింద నంబరుంది. నాలుగంకెలూ ఉన్నాయి. ఫోటోలో ఉన్నంత వంకరగానే ఉన్నాయి.

బండికి మహిమ వచ్చిందనుకుని దణ్ణం పెట్టబోయాను.

"మమ్మీ, బిళ్లల కాగితంలో ఎప్పుడూ రెండో సెట్టు ఉంటుంది," అంది బిందు. "గురువారమే అతికించేశా. పైన వార్నిష్ కూడా కొట్టేశా."

"నీకెలా తెలిసిందే?"

"నేను గేటు దగ్గరుండగానే పప్పా వచ్చి చెప్పేశారు."

మా ఆయన హాలు పైకప్పులో క్రేను ఉందేమో వెతుకుతున్నారు.

"మరి బస్తాలెందుకుంచావు?"

"తాతకి ఫోన్ చేశా. బస్తాలు కట్టుకునేవాళ్లమే, ఫోటో కోసం విప్పేశాం అన్నారు. నీ కవచం కరెక్టే మమ్మీ! ముందు భాగం మీద ఒక బొట్టు కూడా ఉంచేశా."

"అయితే నాకు మూడు రోజులు చెప్పలేదేటే?"

"నువ్వే ఎప్పుడు చెప్తావా అని చూశాం. శుక్రవారం చెప్పేస్తావన్నా నేను. పప్పా ఆదివారం అన్నారు. జీత్ గయే."

"ముప్పై ఏళ్ల సర్వీసు," అన్నారు మా ఆయన వినయంగా. "రెండు కొత్త బనీన్లు గెలిచాను."

సిగ్గుతో నేలకేసి చూస్తూ నిలబడ్డాను. అయినా అసలు భయం ఇంకా తీరలేదు. చిన్నాన్న బస్తా వేళ్ల మధ్య పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు. కళ్లజోడు వెనక కళ్లు మెరుస్తున్నాయి. నాకు ఆయన గుండె గుర్తొచ్చింది.

"చిన్నాన్నా, బాగానే ఉన్నావా? ఇది నీ బండిలాగే ఉందా?"

బస్తాలోంచి ఒక చీమ బయటికొచ్చింది. దాని వెనక రవ్వ పలుకులు మోసుకుంటూ ఇంకో నాలుగు. వరసగా నడిచి, ఆయన వేలెక్కి, చొక్కా చేతి అంచు దాకా వెళ్లాయి. ఆయన దులుపుకోలేదు. ఫోటోని చూశాడు. బండిని చూశాడు. మళ్లీ ఫోటోని చూశాడు. బిందు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చిన్నాన్న తన వేలి మీదినుంచి ఒక రవ్వ పలుకు తీసి, నాలిక మీద వేసుకుని, నిమ్మళంగా నమిలాడు.

"నంబరు నాదే. బండీ నాదే. గానీ కనకం, ఆ రోజుల్లో మా బస్తాల్లో కూడా ఇదే పోసుంటే ఇంకో వారం యుద్ధం సేసీవోళ్లమే!"