పిడుగుకు ప్రవేశం లేదు

"నేటి నుంచి మన గనిలో పిడుగుకు ప్రవేశం లేదు!" అని విశ్వేశ్వరరావు గారు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. గోదావరిఖని అవతలి ఓ ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి ఆయన పెద్దాఫీసరు. అంతటి ఆయన వద్దన్నాక పిడుగు మాత్రం ఎందుకొస్తుందని అందరూ అనుకున్నారు.

సంగతేమంటే, బ్లాస్టింగ్ గ్యాంగుకు ఓ డిజిటల్ పెట్టె ఇచ్చారు. ఆకుపచ్చ లైటుంటే పని. మెరుపులు దగ్గరపడితే వాటిని పసిగట్టే టవరు నుంచి మెసేజొచ్చి ఎర్రలైటు వెలుగుతుంది, పరుగు. పేలుడు మందు నింపిన రంధ్రాల పక్కన పిడుగు పడితే ఏమవుతుందో ముప్పై ఏళ్లుగా మందు నింపుతున్న రాయమల్లుకు ఒకరు చెప్పక్కర్లేదు.

రాయమల్లు జేబులో ఓ ముసలి రేడియో ఉండేది. స్టేషను రాని చోట ముల్లు పెట్టి వినేవాడు. అది టపటపమంటే ఎక్కడో మెరుస్తోందని లెక్క. "నడుండ్రి" అనేవాడు, గ్యాంగంతా నడిచేది.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు విశ్వేశ్వరరావు గారు.

"మబ్బుల ముచ్చట చెప్తది సారూ."

"డిజిటల్ యుగంలో ఈ గరగరలేమిటి? సీజ్ చేయండి!"

రేడియో సారు జీపెక్కింది.

ఎండలున్నన్నాళ్లూ పెట్టె ఒక్క తప్పు చేయలేదు. ఆకాశంలో ఏమీ లేదని రోజుకు నలభైసార్లు నిక్కచ్చిగా చెప్పింది. దానికి అవార్డు కూడా వచ్చింది. తొలి మబ్బునాడు మాత్రం పక్కనే పిడుగు పడి డ్రిల్లు మిషను మాడింది. పెట్టె పచ్చగానే ఉంది. గ్యాంగు బతికి బయటపడింది, అంతే.

కమ్యూనికేషన్ ఇంజినీరు సుహాసిని సారుకు విన్నవించింది. "మెరిసినప్పుడల్లా రేడియో తరంగాల్లో చప్పుడు పుడుతుంది సార్. మెసేజ్ మధ్యలో తెగిపోతుంది. తెగినదాన్ని పెట్టె పారేసి, పాతదే చూపిస్తుంది."

"అంటే తప్పుడు మెసేజ్ ఒక్కటీ చూపించలేదన్నమాట! రిపోర్టులో రాయండి."

"పాణాలు పోతయి సారూ, నా రేడియో నాకియ్యుండ్రి," అన్నాడు రాయమల్లు.

"భయమెందుకయ్యా? రేపు నేనే వచ్చి నీ పక్కన నిలబడతా."

అన్నట్టే వచ్చారు. మందు నింపడం సగంలో ఉంది, మబ్బు కమ్మింది. పెట్టెను పైకెత్తి, "చూశారా, ఆకుపచ్చ! టెక్నాలజీని నమ్మినవాడు..." అంటుండగా, సారు ఆన్ చేసి ఉంచుకున్న రేడియో జీపులోంచి టపటపమంది. వాక్యం అక్కడే ఉండిపోయింది. సారు జీపులో ఉన్నారు. జీపు పై రోడ్డు మీద ఉంది.

"ఉరుకుండ్రి!" అని రాయమల్లు అరిచాడు. గ్యాంగు జీపు దుమ్ములో పడి ఉరికింది. వాళ్లు పైకెక్కేసరికి వెనక పిడుగు పడి, రంధ్రాలు వాటంతటవే పేలాయి.

మర్నాడు పేపర్లో వేశారు: "కార్మికుల తరలింపులో అందరికన్నా ముందున్న అధికారి." అక్షరం తప్పు లేదు.

అప్పట్నుంచి మబ్బు పడితే గ్యాంగు పెట్టె వైపు చూడదు, సారు జీపు వైపు చూస్తుంది. రేడియో ఎన్నిసార్లు అడిగినా, పేలుడు మీద విచారణ పూర్తయ్యేదాకా అది సాక్ష్యమన్నారు. చివరికి రాయమల్లు అందరితో వేలిముద్రలూ సంతకాలూ పెట్టించి ఓ అర్జీ ఇచ్చాడు: "వానాకాలమంతా మా సారుకు లీవు ఇయ్యకుండ్రి."

కార్మికుల అభిమానానికి విశ్వేశ్వరరావు గారి కళ్లు చెమర్చాయి. అర్జీకి ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, వారం లీవు పెట్టారు.

ఆ సంగతి సుహాసిని చెప్పేసరికి రాయమల్లు మొదటి రంధ్రంలో మందు పోస్తున్నాడు. పడమటి నుంచి నల్లగా కమ్ముకొస్తోంది. పెట్టె పచ్చగా వెలుగుతోంది.

"జీపునన్నా ఇడ్సి పోయిండా మేడం?"

"జీపులోనే వెళ్లారు."