బయటోళ్ల వైరు

ఆ ఉదయం వనపర్తిలో రామచంద్రయ్య ఇంజనీరింగ్ ఆఫీసువాళ్లు అనుకున్న పని చాలా చిన్నది. కంప్యూటర్ తెరవాలి, వంతెన డ్రాయింగులు ప్రింటు తీయాలి, రామచంద్రయ్య సంతకం పెట్టాలి, వంతెనలు మంజూరు చేసే పెద్దాఫీసు సాయంత్రం మూసేలోగా నాగర్‌కర్నూల్‌లో ఇచ్చి రావాలి. ఇంత చిన్న పనిని చెడగొట్టడం మామూలు మనిషి వల్ల కాదు. దానికి పట్టుదల ఉన్నవాడు కావాలి. రామచంద్రయ్యకు అది కావలసినంత ఉంది.

డ్రాయింగులు గీసింది సుహాసిని. ఆ ఆఫీసులో ఆయన తర్వాత ఇంజనీరు అంటే ఆమే. పెద్దమందడి దిక్కు ఆమె ఊరికీ రోడ్డుకీ నడుమ ఒక వాగుంది. పోయిన వానాకాలం ఆమె తల్లి హన్మమ్మకు జ్వరం ముదిరితే మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోశారు. నడుమ వాగులో ఒకడి కాలు జారి మంచం ఒరిగింది. హన్మమ్మ దవాఖానకు చేరింది, బతికింది. కానీ ఆ ఒరిగిన మంచం సుహాసిని కళ్లముందు నుంచి పోలేదు. ఇవాళే ఆఖరి గడువు, కాగితాలు అందితే ఆ వాగు మీద వంతెన ఈ ఏడు మొదలవుతుంది. అందకపోతే ఇంకో వానాకాలం, మళ్లీ అదే మంచం.

ఆ డ్రాయింగులన్నీ ఉండేది ఒకే చోట, ఆఫీసు మూలన ఉన్న పెద్ద కంప్యూటర్లో. రామచంద్రయ్య దాన్ని పెద్ద డబ్బా అంటాడు. డ్రాయింగులకు ఇంకో నకలు ఉండటానికి వీల్లేదు. పెన్‌డ్రైవ్ కనబడితే ఆయనకు పాము కనబడినట్టే. చలికాలంలో సుహాసిని ఎంతో బతిమాలి, గద్వాలలో ఉండే జయశ్రీని ఒప్పించుకొచ్చింది. పది ఆఫీసుల కంప్యూటర్లను దూరం నుంచే చూసుకునే చిన్న కంపెనీ జయశ్రీది. నచ్చితేనే పెట్టుకోండి, ఏడాది దాకా ఊరికే చేసిపెడతామని ఆమె అంది, డబ్బాను తమ కంపెనీకి కలిపి పోయింది. అందుకు రామచంద్రయ్య ఒక వారం మూతి ముడుచుకుని తిరిగాడు.

"మన ఇంటి తాళంచెవి బయటోళ్ల చేతిల పెడ్తమా? నా డబ్బ నేను చూస్కుంట" అన్నాడు.

"మనం వంతెనలు గట్టెటోళ్లం సార్. డబ్బలు చూసుడు వాళ్ల పని. రేపు వాళ్లొచ్చి వంతెన గడ్తమంటె మీరు ఊకుంటరా?" అంది సుహాసిని.

మాటల్లో ఓడితే ఆయన చేతలకు దిగుతాడు. ఒక ఆదివారం ఒంటరిగా ఆఫీసుకు వచ్చి, మెయిన్ బంద్ చేసి, డబ్బాను గద్వాలకు కలిపేది ఇదేనని, బయటోళ్ల వైరును తన చేతులతోనే తెంపేశాడు. సోమవారం ఆ సంగతి చెప్పి, ఇక ఆ గద్వాల పిల్లతో మనకు పని లేదన్నాడు. సుహాసిని సిగ్గుపడి జయశ్రీకి ఫోన్ చేయడమే మానేసింది.

ఎండాకాలం వచ్చింది. కూలర్ తిరగలేదు. దానికీ బయటివాణ్ణి పిలవనన్నాడు. తానే విప్పి నూనె పోశాడు, పంపు మార్చాడు, గడ్డి మార్చాడు. అయినా తిరగలేదు. కంపెనీ మంచిది కాదని తేల్చేసి, విసనకర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఆయన సంగతి ఇట్లా ఉంటుంది.

ఇక ఆ ఉదయానికి వద్దాం. ఏ పెద్ద పని మొదలుపెట్టినా కొబ్బరికాయ కొట్టడం ఆ ఆఫీసులో ఆనవాయితీ. రామచంద్రయ్య ఎప్పుడూ సర్వే సామాను పెట్టె ముందు కొట్టేవాడు. ఇవాళ డ్రాయింగులు ఉన్నది డబ్బాలో కాబట్టి డబ్బాకే కొట్టాలన్నాడు. పసుపు రాశాడు, కుంకుమ బొట్లు పెట్టాడు. గడపదాకా పోవడమెందుకని కాయను డబ్బా పక్కనే ఉన్న ఇనుప బల్ల మూల మీద కొట్టాడు. కాయ మంచిది, నిండా నీళ్లున్నాయి. ఆ నీళ్లన్నీ డబ్బా మీది రంధ్రాల్లోకి పోయాయి. లోపల చుయ్యిమంది. తెర నల్లబడింది.

గద్వాలకు ఫోన్ చేద్దామని సుహాసిని మెల్లగా అంది. రామచంద్రయ్య చెయ్యెత్తి ఆపాడు. డబ్బాను బోర్లించాడు, తువ్వాలతో తుడిచాడు, మళ్లీ స్విచ్ వేశాడు. ఈసారి చప్పుడుతోపాటు వాసన కూడా వచ్చింది.

"పరేషాన్ గాకు బిడ్డా. పెబ్బేరుల బాలన్న ఉన్నడు. బోరు మోటరైనా డబ్బయినా లోపల ఉండేది కరెంటే గద. రెండు గంటల్ల వస్త" అన్నాడు.

బాలన్న కాలిపోయిన మోటార్లకు వైండింగు చేస్తాడు. రామచంద్రయ్య పొలం మోటారును ఎన్నోసార్లు బతికించాడు. ఆ నమ్మకంతో డబ్బాను తువ్వాలలో చుట్టి, కారులో పెట్టుకుని బయలుదేరాడు. ఆ రోజు పెబ్బేరు సంత అన్న సంగతి ఆయనకు గుర్తులేదు. ఊరి మొదట్లోనే పశువుల నడుమ కారు ఇరుక్కుంది. ముందు బర్రెలు, వెనక గొర్రెలు. పట్టుదల గల మనిషి కదా, కారును అక్కడే వదిలి డబ్బాను చంకనెత్తుకుని సంతలోంచి నడిచాడు.

నడుమ చేతులు నొప్పెట్టి, డబ్బాను ఒక బండి అంచు మీద ఆనించి, జారకుండా తువ్వాల కింద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. పక్కనే ఒక కోడె ఉంది. పశువుల సంతలో తువ్వాల కింద చెయ్యి పెట్టి పశువు పక్కన నిలబడితే దాని అర్థం ఒక్కటే. అక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాల మాటున వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. దళారి ఒకడు వచ్చి, పలకరించకుండానే తువ్వాల కిందికి చెయ్యి పోనిచ్చి, రామచంద్రయ్య వేళ్లు పట్టుకున్నాడు. రామచంద్రయ్య విడిపించుకోబోయాడు. వాడికి అది ధర దించమన్నట్టు తోచి దించాడు. సరిగ్గా అప్పుడే డబ్బా జారబోయింది. దొరికినదాన్ని దొరికినట్టు గట్టిగా పట్టుకున్నాడు రామచంద్రయ్య. దొరికింది దళారి చెయ్యి. చెయ్యంతా పట్టి నొక్కితే బేరం కుదిరినట్టే.

కోడె తాడు చేతికొచ్చింది. బేరమాడలేదంటే ఎవరూ వినలేదు. కావాలంటే చూడండని ఆయన తువ్వాల తీశాడు. కింద పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టిన పెట్టె కనిపించింది.

"పూజ జేస్కొని మరీ వచ్చినవ్ గదనే పెద్దమనిషి. ఇప్పుడు బేరం కాదంటవా?" అన్నాడు దళారి.

చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపారు. రామచంద్రయ్య రైతు బిడ్డ. చిన్నప్పుడు తండ్రి వెంట ఇదే సంతకు వచ్చినవాడు. చెయ్యి నొక్కి మాట తప్పినవాణ్ణి ఇక్కడ ఏమంటారో ఆయనకు తెలుసు. డబ్బు ఇచ్చి కోడెను తోలుకుని బాలన్న దుకాణానికి పోయాడు. బాలన్న ఏమాత్రం వెనుకాడలేదు. తడిసిన మోటారును ఆరబెట్టే వేడిగాలి గొట్టాన్ని డబ్బాలోకి పెట్టాడు. తడి ఆరింది. తడితోపాటు లోపల ఉన్న ప్లాస్టిక్కు కూడా కరిగి కారింది.

అప్పుడు రామచంద్రయ్య దుకాణం గడప మీద కూలబడ్డాడు. ఆయనకు ఏడుపొచ్చింది. హన్మమ్మ మంచం సంగతి ఆయనకూ తెలుసు. ఆ ఊరి వంతెన మనమే గీద్దామని సుహాసినితో మొదట అన్నది ఆయనే.

సుహాసినికి కూడా పట్టుదల ఉంది, కాకపోతే ఆమెది ముందుకు పోయే రకం. పొద్దున సార్ కారు వీధి మలుపు తిరగగానే సిగ్గు పక్కనబెట్టి గద్వాలకు ఫోన్ చేసింది. మా సార్ మీ వైరు తెంపిండు, తప్పయింది, ఎట్లైనా ఒక మనిషిని పంపమని అడిగింది.

"మనిషెందుకు అక్కా? మీ డ్రాయింగులు రోజూ రాత్రి మాకు వస్తనే ఉన్నయి. నిన్నటియి గూడ ఉన్నయి. ఎక్కడికి పంపాలె?" అంది జయశ్రీ.

సుహాసిని కళ్లు తుడుచుకుని, నాగర్‌కర్నూల్‌లో పెద్ద కాగితాలు ప్రింటు తీసే దుకాణానికి పంపమంది. బస్సెక్కినప్పటి నుంచి సార్‌కు ఫోన్ చేస్తే, సంత గోలలో వినబడక, బాలన్న గడప మీదే ఆయన ఎత్తాడు. డ్రాయింగులు దొరికాయి, మీరు వచ్చి సంతకం పెడితే చాలు, నేరుగా నాగర్‌కర్నూల్ రండి అని చెప్పింది.

కారు ఇంకా బర్రెల నడుమే ఉంది. బాలన్నకు కోడెను కట్టేసే చోటు లేదు. చివరికి ట్రాలీ ఆటో మాట్లాడి, కోడెనూ డబ్బానూ ఎక్కించి, వాటి పక్కన తానూ నిలబడ్డాడు రామచంద్రయ్య. పెద్దాఫీసు జవాను తలుపులు దగ్గరికి వేస్తుండగా ఆటో గేటు ముందు ఆగింది. సుహాసిని కాగితాలు పట్టుకుని పరుగెత్తింది. ఆయన కోడె వీపు మీదే కాగితాలు పరిచి, ఒకటొకటిగా సంతకాలు పెట్టాడు. కోడె కదలలేదు. లోపలి పెద్దసారు కిటికీలోంచి అంతా చూసి, ఏమీ అడగకుండా కాగితాలు తీసుకుని ముద్ర కొట్టించాడు.

గేటు బయట సుహాసిని మెట్టు మీద కూర్చుంది. వాగు మీద వంతెన వస్తోందని తల్లికి ఫోన్‌లో చెప్పి, నవ్వుతూ ఏడ్చింది. రామచంద్రయ్య ముఖం పక్కకు తిప్పుకుని కోడె మెడ నిమిరాడు. కాసేపటికి అడగవలసింది అడిగాడు.

"డ్రాయింగులు వాళ్లతాన ఎట్లున్నయి బిడ్డా? వైరు నేనే తెంపిన గద."

"అయి వైరుల పొయ్యేటియి గావు సార్, ఇంటర్నెట్ల గాలిల పోతయి. ఇంతకు మీరు ఏ వైరు తెంపిండ్రు?"

"కిటికీలకెల్లి బయటికి పోతది సూడు, నల్లది."

సుహాసిని మెట్టు మీంచి లేచింది.

"సార్, అది కూలర్ది."

రామచంద్రయ్య ఫోన్ తీసి, తన చేత్తోనే గద్వాలకు కలిపి, రేపటి నుంచి మా డబ్బలన్నీ నువ్వే చూసుకో బిడ్డా, నేను ముట్టనని జయశ్రీకి చెప్పాడు. చెప్పినట్టే ముట్టలేదు కూడా. పట్టుదల గల మనిషి కదా.

వాగు మీద ఇప్పుడు పిల్లర్లు లేచాయి, ఆఫీసులో కూలర్ తిరుగుతోంది. రామచంద్రయ్య కొబ్బరికాయలన్నీ కోడె ముందే కొడుతున్నాడు. దానికి ఇప్పటిదాకా ఏమీ కాలేదు.