దుబాయి బస్సెక్కిన తువ్వాల

పరాయి దేశంలో, సిటీ బస్సులో తప్పిపోవడమంత భాగ్యం మనిషి జన్మకు ఇంకోటి లేదు! ఈ మాట ఖిల్లా ఘణపూర్ అడ్డరోడ్డు దగ్గర ఒక బండ మీద కూర్చుని, పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టరుగా చేసినవాణ్ణి. వరుస తప్పి ఒక్క మాట రాయను.

బండ మీద రాసుకునేంత తీరిక ఎలా దొరికిందంటారా? మా ఊరి అయిదున్నర బస్సు కోసం చూస్తున్నాను. మా ఊరు ఇక్కణ్ణుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి. పేరు మాత్రం రాయను. రాస్తే, అట్లాంటి ఊరొకటి ఉందని ఇప్పుడే తెలిసిందనే పెద్దలున్నారు.

నా పక్కన నిరోష కూర్చుంది. మా ఎదురింటి పిల్ల. వనపర్తిలో ఇంటర్ రెండో సంవత్సరం. ఈ బస్సు వస్తే పిల్ల రేపు కాలేజీకి పోతుంది, రాకపోతే పోదు. లెక్క అంతే. వాళ్ళమ్మ కాంతమ్మ పొద్దున్నే తేల్చి చెప్పింది.

"ఇంకొక్క దినం పొద్దుగూకినంక ఇంటికొచ్చినవా, కాలేజీ బంద్! చీకట్ల చేన్ల పొంటి ఒక్కదానివి నడుసుడేంది? నాకు పాణం నిలుస్తలేదు బిడ్డా."

ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. షుగరు గోలీలు కొనే నెపంతో వచ్చి పిల్లకు తోడుగా కూర్చున్నాను. బస్సు వచ్చేలోగా దుబాయి సంగతి చెబుతాను, వినండి.

మా బిడ్డ సుమన అక్కడొక దవాఖానలో నర్సు. నెల రోజులు ఉండి పొమ్మని టికెట్ పంపింది. బయలుదేరేటప్పుడు కాంతమ్మ ఒక మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. సజ్జ రొట్టెలు, ఉల్లికారం, పల్లీల పొడి. నిరోష నాయన జాన్ అక్కడే మేస్త్రీ పని చేస్తున్నాడు. ఇల్లు చూసి మూడేళ్ళయింది. ఆ మూట జాన్‌కు అందజేయాలి.

"సెలవునాడు నేనే తీస్కపోత. నువ్వు జర ఇంట్ల కూసో నాయినా" అంది సుమన.

నన్నా! కొత్తకోట దగ్గర హైవే మీద ఉరికే ఎక్స్‌ప్రెస్ బస్సును ఒంటి చేత్తో ఆపినవాణ్ణి! నాకు బస్సెక్కడం ఒకరు నేర్పాలా? సుమన డ్యూటీకి పోగానే, ఆమె ఇచ్చిన బస్సు కార్డు జేబులో వేసుకుని, మూట చంకన పెట్టుకుని బయలుదేరాను.

మన పద్ధతి మీకు తెలిసిందే. ప్రయాణికుడి బాధ్యత ఎక్కడం వరకే. దింపడం కండక్టర్ పని. మా బస్సు కండక్టర్ బాలకృష్ణకు ఎవరు ఎక్కడ దిగుతారో, ఎవరికి నిద్ర ఎక్కువో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో అన్నీ తెలుసు. "సారూ, లే, ఊరొచ్చింది" అని భుజం తట్టి లేపుతాడు. ఆ ధైర్యంతోనే నేను దుబాయి బస్సులో, చల్లటి ఏసీలో, హాయిగా కునుకు తీశాను. కండక్టర్ ఉన్నాడు కదా, లేపుతాడు కదా!

ఆ బస్సులో కండక్టరే లేడు.

కళ్ళు తెరిచేసరికి చివరి స్టేజీ. ఎదురుగా నీళ్ళు. ఎంత దూరం చూసినా నీళ్ళే! అరవై మూడేళ్ళ వయసులో మొదటిసారి సముద్రం చూశానండీ. తప్పిపోకపోతే నాకు సముద్రం ఎవరు చూపించేవారు? సముద్రం గట్టున ఒక గంట కూర్చుని, ఇంకో బస్సెక్కి, వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ ఇల్లు చేరాను.

రెండో రోజు జాగ్రత్తపడ్డాను. సీటు ముందే పట్టుకుంటే సగం ప్రయాణం గెలిచినట్టే. బస్టాండులో ఆగి ఉన్న బస్సు దగ్గరికి పోయి, కిటికీలోంచి తువ్వాల వేయబోయాను. గద్వాల సంతలో కొన్న ఎర్ర అంచు తువ్వాల. కిటికీ తెరుచుకోదు! ఇదేం బస్సు? గాలికి దారి లేదు, తువ్వాలకు దారి లేదు. చివరికి తలుపులోంచే ఎక్కి, సీటు మీద తువ్వాల పరిచి, చాయ్ తాగడానికి దిగాను.

మన దగ్గర తువ్వాల పరిచిన సీట్లో కలెక్టర్ వచ్చినా కూర్చోడు. బస్సు కదిలే ముందు "గీ తువ్వాల ఎవరిదివయా!" అని బస్సంతా అరుస్తుంది. అక్కడ ఎవరూ అరవలేదు. టైం కాగానే తలుపు మూసుకుంది, బస్సు వెళ్ళిపోయింది. తువ్వాల మహారాజులా సీట్లో కూర్చుని పోతోంది. నేను చాయ్ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

వెనకే ఇంకో బస్సొస్తే ఎక్కేశాను. అది వేరే దిక్కుకు మళ్ళింది. ఇక లాభం లేదని జేబులోంచి నా డ్రిల్లు విజిల్ తీసి, ఒక్కసారి గట్టిగా ఊదాను. ఒక విజిల్ అంటే ఆపు, రెండంటే పోనీ. లోకమంతా ఇదే కదా కానూన్? బస్సులో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు. డ్రైవర్ పెషావర్ నుంచి వచ్చిన మనిషట, బస్సు పక్కకు తీసి ఆపాడు. ఉర్దూలో నాతో, "చాచా, ఇది ఫుట్‌బాల్ మైదానం కాదు" అని నవ్వాడు. పక్క సీటు అమ్మాయి కడ్డీకి ఉన్న ఎర్ర బొత్తాం చూపించింది. దిగాలంటే దాన్ని నొక్కాలట. కూర్చున్నచోట వేలితో నొక్కితే ఆగే బస్సు! ఇంత సుఖం మనిషిని పాడు చేయదా?

తప్పిపోయిన ప్రతిసారీ పది నిమిషాల్లో ఇంకో బస్సొచ్చి నన్ను ఎక్కించుకునేది. దాంట్లోనూ తప్పిపోయేవాణ్ణి. మళ్ళీ పది నిమిషాలకు ఇంకోటి! నిశ్చింతగా తప్పిపోవడానికి ఆ ఊళ్ళో ఎంత వసతి ఉందో చెబితే మీరు నమ్మరు.

మూడో రోజు, కడుతున్న ఒక పెద్ద బిల్డింగు పక్కన, తలకు పచ్చ టోపీతో జాన్ కనిపించాడు. నా కథంతా విని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"గీ మూట తెచ్చేతందుకు మూడు దినాలు పట్టిందా సారూ? మీ బిడ్డ ఉండేది గా సందు దాటితేనే గదా!"

ఒక రొట్టె తీసి ఉల్లికారం అద్దుకుని, నిలబడే తిన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. భార్య ఎట్లుందని కాదు, వానలు పడ్డాయా అని కాదు.

"అయిదున్నర బస్సు నడుస్తున్నదా సారూ? గా బస్సున్నదన్న ధైర్నంతోనే పిల్లను సదివిస్తున్న, నేను గీడ ఉంటున్న."

"దానికేమైంది జాన్, బంగారం లెక్క నడుస్తున్నది!" అన్నాను. ఆ రోజుకు అది నిజమే.

ఇంకో వింత వినండి. నాలుగో రోజు సుమన నన్ను ఒక ఆఫీసుకు తీసుకుపోయింది. బస్సుల్లో జనం పోగొట్టుకున్న సామాన్లు దాచే ఆఫీసు. అక్కడ నా తువ్వాల! మడత పెట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, నంబరు చీటీ అంటించి ఉంచారు. అంచు ఏ రంగని అడిగి, సంతకం పెట్టించుకుని, రెండు చేతులతో అప్పజెప్పారు. నాకు పిచ్చి నవ్వొచ్చింది. ఒక్క తువ్వాలకు ఆఫీసా! పనీపాటా లేనివాళ్ళని తిట్టుకున్నాను.

నెల తర్వాత ఊరికొచ్చాను. ఆ పూట బస్సు లేదు.

నేనొచ్చే నాటికే వారానికి రెండు రోజులు మాయమవుతోందట. తర్వాత మొత్తానికే మాయమైంది. కనుక్కోవడానికి డిపో చుట్టూ తిరిగాను. ఒకాయన రోడ్డు బాగాలేదన్నాడు. ఒకాయన టైర్లు లేవన్నాడు. ఇంకొకాయన మీ ఊరోళ్ళు ఎక్కుతలేరు అన్నాడు. రాని బస్సును ఎలా ఎక్కాలో నా ముప్పై ఏళ్ళ డ్రిల్లులో ఎవరికీ నేర్పలేదు, నాదే పొరపాటు. షేర్ ఆటో ఉంది గానీ, అది ఎనిమిది మంది నిండితేనే కదులుతుంది. ఇక్కడ మేం ఇద్దరం.

నేను రాస్తూ పైకి చదువుతుంటే ఇదంతా విని నిరోష నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది.

"సారూ, నువ్వు గన్నిసార్లు తప్పిపోయినవ్ గదా. ఒక్కసారన్న బస్సు రాక తప్పిపోయినవా?"

నేను లేచి రోడ్డు మలుపు దాకా చూసొచ్చాను. ఇంతలో నా ఫోన్ మోగింది. దుబాయి నంబరు. "సారూ, పిల్ల బస్సెక్కిందా?" అన్నాడు జాన్. "హలో, హలో, వినొస్తలేదు" అని పెట్టేశాను. చక్కగా వినొచ్చింది. సిగ్గుతో చచ్చాననుకోండి.

ఆరు దాటింది. ఖిల్లా గుట్ట నీడ రోడ్డు మీదికొచ్చింది. నేను పక్కనున్నాను గనక కాంతమ్మ ఇవాళ్టికి వదిలేయవచ్చు. రేపటికి నేను పూచీ పడలేను. అందుకని పేపరు వారికి నాదొక చిన్న మనవి. కింది ప్రకటన ఉచితంగా వేసుకోగలరు.

కనబడుటలేదు. మా ఊరి అయిదున్నర బస్సు. ఒకప్పుడు ఎర్ర రంగు. వెనక అద్దం పగిలినచోట అట్ట కట్టి ఉంటుంది. ఎత్తు ఎక్కాల్సి వస్తే దగ్గుతుంది. పద్దెనిమిది రోజుల కింద, చెరువు మలుపులో మేకలకు దారి ఇస్తుండగా చూసినవాళ్ళున్నారు. తల్లీ బస్సూ, నువ్వు ఎక్కడున్నా వెంటనే బయలుదేరి రా. లేటెందుకైందని నిన్నెవరూ అడగరు. నీ మీద బెంగతో కాంతమ్మ అన్నం ముడుతలేదు. ఆచూకీ తెలిసినవారు అడ్డరోడ్డు బండ మీదున్న ఇద్దరికి చెప్పగలరు.

సీట్ల గురించి ఎవరూ పరేషాన్ కావద్దు. ఎర్ర అంచు తువ్వాల నా చేతిలో సిద్ధంగా ఉంది. విసరడానికి ఒక కిటికీ చాలు.