ఒంటి సీటు వారసుడు

తాడాల వీరభద్రం పోయిన రోజు సాయంత్రానికల్లా, అతని ఇటలీ మోటార్‌సైకిల్‌ను మండల కార్యాలయం అతని ఏకైక కుమారుడిగా నమోదు చేసింది. ఇలాంటి పనికి మామూలుగా మూడు నెలలు పడుతుంది. ఒక్క పూటలో అయినందుకు అతని భార్య రత్నమాణిక్యం వచ్చిన ఉద్యోగికి నమస్కరించింది.

వంశవృక్షం పత్రానికి మూడు తరాల పేర్లు, రుజువులతో కావాలి. ఇనుము చెక్కే లేతు మిషన్ మీద ముప్ఫై ఏళ్లు పనిచేసిన వీరభద్రానికి తాత పేరు తెలియదు. తండ్రి పేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంది. పెళ్లి ఫొటోలు తుఫాను నీళ్లలో పోయాయి. మోటార్‌సైకిల్‌కు మాత్రం, దాన్ని చేసిన కంపెనీ తన చరిత్ర రాసుకున్న తోలు అట్ట పుస్తకం ఉంది. కుట్టుమిషన్ల భాగాలు చేసిన మూలపురుషుడు అద్రియానో వెరాండి, బాంబులు పడిన ఫ్యాక్టరీని మళ్లీ కట్టిన అతని కొడుకు, పందేలు గెలిచిన మనవడు, అందరూ ఫొటోలతో, తేదీలతో ఉన్నారు.

గ్రామ రెవెన్యూ అధికారి జోగారావు ఆ పుస్తకాన్ని చేతులు తుడుచుకుని తెరిచాడు.

"ఇంత శుభ్రంగా వంశం రాసుకున్న ఇల్లు మన మండలంలో ఇంకోటి లేదండమ్మా. మా ఇంట్లోనే లేదు."

ఇరుగుపొరుగు వాంగ్మూలం కూడా తీసుకున్నారు. పాత ఇనుప సామాన్ల కొట్టులో ముక్కలుగా పడి ఉన్న ఆ బండిని వీరభద్రం తెచ్చుకుని ఆరేళ్లు బాగుచేశాడని, దాన్ని తుడవకుండా అన్నానికి కూర్చునేవాడు కాడని చెప్పారు.

"నాయనా, నాయనా అని పిలిచేవోడండీ. కొడుకు కాక మరేటవుద్ది?" అంది పక్కింటి చంటమ్మ.

"మరి నా పేరండీ?" అని రత్నమాణిక్యం అడిగింది.

"అక్కడే వచ్చిందండీ ఇబ్బంది. కొడుకు ఖాయమైపోయాడు. తల్లిగా మిమ్మల్ని రాయాలంటే, ఇది పుట్టినప్పుడు మీరు ఇటలీలో ఉన్నారా?"

"నేను బెజవాడే దాటలేదు బాబూ."

"పోనీ భార్యగా రాద్దామంటే బండికి ఒకటే సీటు. పెళ్లయిన మనిషి ఒంటి సీటు బండి ఎందుకు పెట్టుకున్నాడని పైవాళ్లు నన్ను అడుగుతారు కదండీ."

రెండో మనిషి బరువు తమ బండి పరువుకు తగదని అద్రియానో చెప్పిన మాట పుస్తకంలోనే ఉంది. జోగారావు దాన్ని చదివి వినిపించాడు. నిలబెట్టి మాట్లాడకుండా ముందు తనకు కుర్చీ వేయించాడని రత్నమాణిక్యం తరువాత చంటమ్మతో చెప్పింది.

పదకొండో రోజున మోటార్‌సైకిల్‌ను కాలువ గట్టుకు తీసుకువెళ్లి, కుడి హ్యాండిల్‌కు దర్భ ముడి వేశారు. పురోహితుడు సోమయాజులుగారు పుస్తకం చూసి, పిండాలు అద్రియానోకు, అతని కొడుక్కు, మనవడికి పెట్టించారు. ఇటలీ పేర్లు కాస్త నోరు తిరగలేదు గాని, ఒక్క పేరు కూడా వదల్లేదు.

"మరి మావారికండీ?"

"వీరభద్రంగారు ఇందులో లేరు కదమ్మా. రాసి లేని మనిషికి ఎలా పెట్టను చెప్పండి?"

కాకులు వెంటనే వచ్చి ముట్టాయి. రత్నమాణిక్యం కాకులకు కూడా దండం పెట్టింది.

ఆ మోటార్‌సైకిల్‌లో పదిహేడు భాగాలు వీరభద్రం తన లేతు మీద తీసినవే. అవి లేకపోతే అది కదలదు. చేసిన వస్తువు మీద పేరు చెక్కడం అతనికి అలవాటు లేదు.

ఇప్పుడు ఆమె అదే ఇంట్లో, కుమారుని సంరక్షణలో ఉన్న స్త్రీగా ఉంటోంది. బియ్యం కార్డు బండి పేరు మీద వచ్చింది. నెలకోసారి బండిని నడిపించుకుంటూ చౌకధరల దుకాణానికి వెళ్తే, వరసలో ఉన్నవాళ్లు దారి ఇస్తారు.

"అబ్బాయి బాగున్నాడా పిన్నిగారూ?"

"బాగున్నాడమ్మా. మొన్నే ఆయిల్ మార్పించాను."

పొద్దున్నే ఆమె ఇంజన్ స్టార్ట్ చేసి, కాఫీ తాగేంతసేపు అలా ఉంచుతుంది. ఇల్లు నిశ్శబ్దంగా లేనందుకు ఆమెకు సంతోషం. ఎక్కడో, ఎవరో, తమ వాళ్ల పేర్లు పోగొట్టుకోకుండా రాసి ఉంచినందుకు కూడా.

పోయిన వారం జోగారావు వచ్చి, నిబంధనల్లో ఒక దారి దొరికిందన్నాడు. బండికి రెండో సీటు బిగించి ఉంటే, ఆమెను భార్యగా చేర్చడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదట. రత్నమాణిక్యం అతనికి మజ్జిగ ఇచ్చి, షెడ్డులోకి తీసుకువెళ్లింది. రెండో సీటు ఎప్పటినుంచో అక్కడే ఉంది. చట్రం వీరభద్రం వంచాడు, మెత్త ఆమె కుట్టింది. ఆ బండి కొలతలకు బోల్టులు బజారులో దొరకవు. నాలుగు కావాలి. వీరభద్రం తన లేతు మీద మూడు తీశాడు.

నాలుగోది తీయాల్సి ఉంది.